డబుల్ ట్యాప్ స్క్రిప్టులో టైమ్ ఒక్కటే చూస్తే సరిపోదు

కంట్రోల్ టకటకా రెండుసార్లు నొక్కితే భాష మారేలా ఆటోహాట్‌కీలో (కీలకు మనకు కావలసిన పని అప్పగించే విండోస్ ప్రోగ్రామ్) స్క్రిప్టు రాశాను, 400 మిల్లీసెకన్ల షరతూ పెట్టాను, అయినా దానంతటదే మారిపోతోంది, ఎందుకని అడిగారు. మీరు టైమ్ ఒక్కటే చూస్తున్నారు గనక. 400ని 250 చేసినా ఈ బాధ తీరదు.

మాది పర్లాకిమిడి, డీటీపీ షాపు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ శుభలేఖలు ఇప్పటికీ రెండు భాషల్లో పడాల్సిందే. మగపెళ్ళివారిది బరంపురం, ఆడపెళ్ళివారిది పాతపట్నం అయితే ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు. భారతీయ లిపులకు ఉమ్మడిగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో రెండింటికీ వేళ్ళు ఒకటే. కె నొక్కితే అక్కడా క, ఇక్కడా క. మారాల్సింది లిపి ఒక్కటే. అందుకే మా మేనల్లుడు అచ్చం మీలాంటి స్క్రిప్టే పెట్టాడు.

మాఘమాసం, షాపు నిండా జనం. పాతపట్నం పెద్దాయన ఒకరు ప్రూఫ్ పట్టుకొచ్చి, "ఇదేటి బాబూ, మా పిల్ల పేరు ఒడియాలో దిగిపోనాది?" అన్నారు. నిజమే. చి.ల.సౌ. వరకు తెలుగు, పేరు మొత్తం ఒడియా. కొట్టే కుర్రాడి చూపు రాసిచ్చిన కాగితం మీదే ఉంటుంది, తెర మీద కాదు. వేళ్ళు సరిగ్గానే పడ్డాయి, ఉచ్చారణా తప్పలేదు.

పక్కన కూర్చుని వాడి చెయ్యి చూశాను. చి.ల.సౌ. పేస్ట్ చేస్తూ కంట్రోల్ వి, ఆ వెంటనే కంట్రోల్ ఎస్. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా, మా దగ్గర ప్రతివాడికీ అదే అలవాటు. స్క్రిప్టులో ముందటి నొక్కును చూసే ఏ_ప్రయర్‌హాట్‌కీకి (A_PriorHotkey) గుర్తుండేది అంతకుముందు పేలిన హాట్‌కీ, అంటే స్క్రిప్టు కాచుకుని ఉన్న కీ, ఒక్కటే. మధ్యలో వి నొక్కిన సంగతి దానికి పట్టదు. కంట్రోల్ రెండుసార్లు పడింది, 400 లోపే పడింది, భాష మారిపోయింది. దీనికి తోడు కంట్రోల్ నొక్కిపట్టి ఉంచితే విండోస్ అదే కీని మళ్ళీమళ్ళీ పంపుతుంది. కీ వదిలేదాకా ఆగమనే కీవెయిట్ (KeyWait) పెట్టకపోతే అదీ డబుల్ కిందే లెక్క.

కాబట్టి హాట్‌కీని నొక్కినప్పుడు కాకుండా వదిలినప్పుడు పట్టుకోండి. కంట్రోల్ పేరు ముందు టిల్డా (~), వెనక అప్ (Up). నొక్కిపట్టే గొడవ అక్కడితో సరి. తర్వాత ఏ_ప్రయర్‌కీ (A_PriorKey, అంటే చివరగా నొక్కిన కీ) కూడా ఆ కంట్రోలే అయి ఉండాలని షరతు పెట్టండి. కంట్రోల్ పట్టుకుని వి, ఎస్ ఏది కొట్టినా స్క్రిప్టు కదలదు. టైమ్ షరతు వీటి తర్వాతే. దానికి 50 మిల్లీసెకన్లు అని కింది హద్దు కూడా పెట్టండి, ఎందుకంటే అరిగిన కీబోర్డులు ఒక్క నొక్కుకే రెండు పంపుతుంటాయి.

అక్షరాల కీల మీద మాత్రం డబుల్ ట్యాప్ వద్దే వద్దు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకు అమ్మ, అక్క, నాన్న అన్నిట్లోనూ ఒకే కీ వరసగా రెండుసార్లు పడుతుంది. అక్షరాల కీల మీద పెట్టుకోమని సలహాలిచ్చేవాళ్ళు ఒక్క రోజైనా తెలుగు కొట్టి చూడాలి. షిఫ్ట్ కూడా వద్దు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ దాని మీదే ఉన్నాయి, పైగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ డబ్బా వచ్చి కూర్చుంటుంది. కుడి కంట్రోల్ అయితే హాయి. కానీ 2024 నుంచి వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో దాన్ని పీకేసి కోపైలట్ కీ పెడుతున్నారు. రెండు లిపుల్లో బతికేవాళ్ళకు ఆ కీ ఎంత అవసరమో వాళ్ళకు ఎవరు చెప్పాలి? మీ దాంట్లో లేకపోతే ఎడమ కంట్రోలే వాడండి. ఏ_ప్రయర్‌కీ షరతు ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది.