ఎర్ర ఫోను ఎప్పుడైనా మోగిందా?

ప్రశ్న: అమెరికా, రష్యా అధ్యక్షుల బల్లల మీద ఎర్ర టెలిఫోను ఉంటుందనీ, అణుయుద్ధం ముంచుకొస్తే ఒకరు రిసీవరు ఎత్తగానే రెండోవారు పలుకుతారనీ సినిమాల్లో చూపిస్తారు. అది నిజమేనా? 1971లో అమెరికా యుద్ధనౌకలు బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు కూడా దాన్ని వాడారని మా నాన్నగారు చెబుతుంటారు. వివరించగలరు.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎర్ర ఫోను కట్టుకథ. మీ నాన్నగారి మాట మాత్రం నిజం. ‘హాట్‌లైన్’ అనగానే టెలిఫోను గుర్తుకు రావడం సహజమే గాని, 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య వేసింది టెలిప్రింటర్ల లైను. అందులో మాట్లాడటం కుదరదు. ఇక్కడ టైపు చేస్తే అక్కడ కాగితం మీద అచ్చయి వస్తుంది.

ఆ లైను అవసరం 1962 అక్టోబరులో తెలిసివచ్చింది. క్యూబాలో సోవియట్ యూనియన్ అణు క్షిపణులను మోహరిస్తోందని యూ-2 గూఢచారి విమానం తీసిన ఫొటోలతో బయటపడి, 13 రోజులపాటు ప్రపంచం ఊపిరి బిగబట్టిన సందర్భం అది. ఖండాంతర క్షిపణి ఒక దేశం నుంచి రెండో దేశానికి చేరడానికి అరగంట చాలు. అధినేత రాసిన ఉత్తరం చేరడానికి మాత్రం సగం రోజు పట్టేది. అక్టోబరు 26న సోవియట్ అధినేత క్రుశ్చేవ్ పంపిన సుదీర్ఘమైన లేఖ మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయానికి అందాక, దాన్ని అనువదించి, సంకేత లిపిలోకి మార్చి, ముక్కలు ముక్కలుగా పంపితే, ఆఖరి ముక్క వాషింగ్టన్‌కు అందేసరికి దాదాపు 12 గంటలు గడిచాయి. అవతలి వైపు పరిస్థితి ఇంకా విచిత్రం. వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి అనతోలీ దొబ్రీనిన్ తర్వాతి కాలంలో చెప్పుకున్న ప్రకారం, మాస్కోకు వెళ్లవలసిన రహస్య టెలిగ్రామును తీసుకుపోవడానికి వెస్టర్న్ యూనియన్ తంతి కంపెనీ కుర్రాడు సైకిలు మీద వచ్చేవాడట. వాడు దారిలో ఏ అమ్మాయితోనో కబుర్లకు నిలబడిపోకుండా తిన్నగా ఆఫీసుకు చేరాలని వీళ్లు ప్రార్థించుకునేవారట. కమ్యూనిస్టు రాయబారి చేత దేవుణ్ణి తలపించిన ఘనత ఆ కుర్రాడికే దక్కాలి.

ఈ ఆలస్యం నవ్వుకుని వదిలేసేది కాదు. మొదటి లేఖకు అమెరికా జవాబు ఇవ్వకముందే, 27వ తేదీన మాస్కో రేడియోలో రెండో లేఖ వినిపించింది. టర్కీలో ఉన్న అమెరికా జూపిటర్ క్షిపణులను కూడా తీసేయాలన్న కొత్త షరతు అందులో ఉంది. అదే రోజు క్యూబా మీద ఎగురుతున్న యూ-2ను సోవియట్ సైనికులు కూల్చేయగా పైలట్ మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. ఆ ఉత్తర్వు ఇచ్చింది క్యూబాలోని సోవియట్ అధికారులే తప్ప క్రుశ్చేవ్ కాదు. ఆ సంగతి వాషింగ్టన్‌కు వెంటనే తెలిసే దారి లేదు. అమెరికా అధ్యక్షుడు కెనడీ మొదటి లేఖకు మాత్రమే బహిరంగంగా జవాబిచ్చి, టర్కీ విషయం తమ్ముడు రాబర్ట్ చేత దొబ్రీనిన్‌కు గుట్టుగా చెప్పించారు. మర్నాడు క్రుశ్చేవ్, క్యూబా నుంచి క్షిపణులను తీసేస్తామన్న తన అంగీకారాన్ని నేరుగా రేడియోలో చదివించేశారు. రహస్య తంతి కంటే లోకమంతా వినే రేడియోయే త్వరగా చేరుతుందన్నది ఆయన లెక్క.

ఆ అనుభవం తర్వాత 1963 జూన్ 20న జెనీవాలో రెండు దేశాలూ సంతకాలు చేశాయి. ఆగస్టు 30న లైను పనిచేయడం మొదలుపెట్టింది. తీగ వాషింగ్టన్ నుంచి లండన్, కోపెన్‌హాగన్, స్టాక్‌హోం, హెల్సింకీల మీదుగా మాస్కో వెళ్లేది. ఇంగ్లిషు అక్షరాల యంత్రాలను అమెరికా మాస్కోకు పంపితే, రష్యన్ లిపి యంత్రాలను సోవియట్ వారు వాషింగ్టన్‌కు పంపారు. ఎవరి భాషలో వారు రాయాలి, అందుకున్నవారే అనువదించుకోవాలి. అమెరికా పంపిన మొదటి సందేశం, చురుకైన నక్క ఒకటి బద్ధకపు కుక్క వీపు మీదుగా దూకిందన్న ఇంగ్లిషు వాక్యం. అందులో ఆ భాష అక్షరాలన్నీ ఉంటాయి కాబట్టి యంత్రాన్ని పరీక్షించడానికి వాడేవారు. ఇంత ఘనమైన లైను తీగను డెన్మార్క్‌లో ఒకసారి బుల్డోజరు తెంపింది, ఫిన్లండ్‌లో ఇంకోసారి రైతు నాగలి తెంపింది. తర్వాత ఉపగ్రహాలు, ఫ్యాక్సు, ఈ-మెయిలు వచ్చాయి గాని, రాతపద్ధతి మాత్రం మారలేదు. నా దృష్టిలో దాని బలమంతా అక్కడే ఉంది. నోటి మాటలో కోపం తొంగిచూస్తుంది, దుబాసీ తడబడతాడు. కాగితం మీది మాటను సలహాదారులందరూ రెండుసార్లు చదివి, ఆలోచించి జవాబు రాయవచ్చు.

అయినా రాతలో కూడా తిరకాసులు లేకపోలేదు. ఆ లైను మొదటిసారి నిజంగా పనికొచ్చింది 1967 జూన్ 5న, ఇజ్రాయెల్‌కూ అరబ్ దేశాలకూ మధ్య ఆరు రోజుల యుద్ధం మొదలైననాడు. సోవియట్ ప్రధాని కొసీగిన్‌ను ఏమని సంబోధించాలని అమెరికా ఆపరేటర్లు మాస్కో ఆపరేటర్లను అడిగితే ‘కామ్రేడ్ కొసీగిన్’ అనమన్నారు. అధ్యక్షుడు జాన్సన్ సందేశం అదే సంబోధనతో వెళ్లేసరికి, తమను ఎగతాళి చేస్తున్నారా అని క్రెమ్లిన్ పెద్దలు బిత్తరపోయారట. ఆ వారంలో సుమారు 20 సందేశాలు అటూ ఇటూ నడిచాయి.

ఇక 1971 సంగతి. ఆగస్టు 9న భారత్, సోవియట్ యూనియన్ మైత్రీ ఒప్పందం చేసుకున్నాయి. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. బంగ్లాదేశ్ విమోచనతో ఆగక భారత్ పశ్చిమ పాకిస్తాన్‌ను కూడా దెబ్బతీస్తుందేమోనన్న అనుమానంతో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన భద్రతా సలహాదారు కిసింజర్‌లు మాస్కో మీద ఒత్తిడి పెంచారు. అందులో భాగంగా డిసెంబరు 12, ఆదివారం నాడు, నిక్సన్ సోవియట్ అధినేత బ్రెజ్నెవ్‌కు హాట్‌లైన్‌లో సందేశం పంపారు. మర్నాడు క్లుప్తంగా జవాబు వచ్చింది. మీ ఊరి తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగి అప్పటికి పది రోజులైనా కాలేదు. అణుశక్తితో నడిచే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ మలక్కా జలసంధి దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది, సోవియట్ నౌకలు దాని వెంట పడ్డాయి. ఈలోగా 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. నౌకాదళం ద్వారా వెళ్లిన బెదిరింపూ తీగ మీద వెళ్లిన సందేశమూ రెండూ మాస్కో కోసం ఉద్దేశించినవేనని నా అభిప్రాయం. ఢిల్లీ వాటిని పక్కనుంచి విన్నది.

ప్రశ్న: లైను ఉంటే సంక్షోభాలు రాకూడదు కదా? అమెరికా, చైనాల మధ్య కూడా అలాంటిది ఉందంటారు. మరి 2023లో బెలూన్ గొడవ ఎందుకు అంత ముదిరింది?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాట అందకపోవడం వేరు, అందిన మాటను నమ్మకపోవడం వేరు. రెండో దానికి 1960 నాటి యూ-2 ఉదంతం కంటే మంచి ఉదాహరణ దొరకదు. మే 1న పెషావర్‌లో లేచిన ఆ అమెరికా గూఢచారి విమానాన్ని సోవియట్ నగరం స్వెర్‌డ్‌లోవ్‌స్క్ దగ్గర క్షిపణితో కూల్చారు. పైలట్ బతికి ఉండడన్న ధీమాతో, అది టర్కీ మీద వాతావరణ పరిశోధన చేస్తూ ఆక్సిజన్ ఇబ్బంది వచ్చి దారి తప్పిన విమానమని అమెరికా పాలకులు నాసా చేత చెప్పించారు. క్రుశ్చేవ్ 5వ తేదీన విమానం కూలిందని మాత్రమే ప్రకటించి, పైలట్ ఊసెత్తకుండా, అవతలివారు అబద్ధంలో నిండా మునిగేదాకా ఆగి, 7వ తేదీన పైలట్ ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్ తమ దగ్గర సజీవంగా ఉన్నాడని వెల్లడించారు. నాలుగు రోజులకు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బాధ్యత ఒప్పుకున్నారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. 16న పారిస్‌లో మొదలైన నాలుగు దేశాల శిఖరాగ్ర సమావేశం మొదట్లోనే కూలిపోయింది. ఐసెన్‌హోవర్ సోవియట్ పర్యటన రద్దయింది. మరుసటి ఏడాది ఆగస్టులో బెర్లిన్‌లో గోడ లేచింది. ఆ మే నెలలో ఎన్ని టెలిప్రింటర్లు ఉన్నా ఆ అబద్ధం ఇంకాస్త వేగంగా చేరేది, అంతే.

చైనా విషయంలో చిక్కు వేరు. అమెరికా ఆకాశంలో తిరిగిన చైనా బెలూన్‌ను 2023 ఫిబ్రవరి 4న కూల్చేశాక, అమెరికా రక్షణ మంత్రి ఆస్టిన్ చైనా రక్షణ మంత్రితో మాట్లాడాలని కోరితే బీజింగ్ ఒప్పుకోలేదు. మాస్కోకు క్యూబా నేర్పిన పాఠం వేగంగా కబురు పంపడం. బీజింగ్ మాత్రం జవాబివ్వకపోవడాన్నే నిరసనగా వాడుకుంది. తమ దృష్టిలో తప్పు చేసిన అమెరికాకు తీరిగ్గా మాట్లాడే భాగ్యం ఎందుకివ్వాలన్న ధోరణి అది. ఆ ఏడాది నవంబరులో బైడెన్, షీ జిన్‌పింగ్ కాలిఫోర్నియాలో కలిసి సైనిక సంప్రదింపులు తిరిగి ప్రారంభించడానికి ఒప్పుకున్నాక, 2024 ఏప్రిల్‌లో గాని ఆస్టిన్ చైనా రక్షణ మంత్రితో మాట్లాడలేకపోయారు. అప్పటికి, ఆనాడు మాట్లాడటానికి నిరాకరించిన మంత్రి పదవి దిగిపోయి, ఆయన తర్వాత వచ్చినాయన కూడా పదవి పోగొట్టుకుని, ఆ కుర్చీలో మూడో మంత్రి కూర్చుని ఉన్నారు.