అప్టన్ పార్క్‌లో ఉన్న ఊపు లండన్ స్టేడియంలో ఉందా?

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ వెస్ట్ హామ్ 2016లో అప్టన్ పార్క్ నుంచి లండన్ స్టేడియంకి మారాక మ్యాచ్ రోజు సందడి నిజంగా తగ్గిందా, లేక అది పాత అభిమానుల బెంగేనా అని అడిగారు. మా ఇల్లు ఈస్ట్ హామ్‌లో, రెండు చోట్లా మ్యాచ్‌లు చూశాను. నిజంగానే తగ్గింది. కానీ జనంలో అభిమానం తగ్గి కాదు, కట్టడం తీరు వల్ల.

అప్టన్ పార్క్‌లో పిచ్‌కీ సీట్లకీ మధ్య జాగా చాలా తక్కువ. అందరూ చికెన్ రన్ అని పిలిచే ఈస్ట్ స్టాండ్‌లో ముందు వరుసల్లో కూర్చుంటే, త్రో-ఇన్ వెయ్యడానికి వచ్చిన ఆటగాడు బంతిని చొక్కాకి తుడుచుకోవడం, రొప్పడం కూడా తెలిసేది. వెనకనుంచి ఎవరైనా ఒకాయన పేరు పెట్టి గట్టిగా అరిస్తే అవతలి జట్టు వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) తల తిప్పి చూసేవాడు. ఒక్క గొంతు చాలు, ఆటలో మనం కూడా ఉన్నట్టే. స్టేడియంలో పట్టేది 35 వేల మందే అయినా ఆ అరుపులకి పక్కవాడి మాట వినపడేది కాదు. 2016 మే 10న అక్కడి ఆఖరి మ్యాచ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద మన విన్‌స్టన్ రీడ్ తలతో కొట్టిన గోల్‌తో 3-2 అయినప్పుడు టీవీలో విన్న ఆ హోరు మామూలుది కాదు.

ఇంకోటి, సందడి స్టేడియం బయటే మొదలయ్యేది. స్టేషన్ దిగగానే గ్రీన్ స్ట్రీట్. చీరల షాపులు, నగల షాపుల మధ్య నుంచి మెరూన్, నీలం చొక్కాల గుంపు నడిచి వెళ్లేది. క్లబ్ పాత కెప్టెన్ బాబీ మూర్ విగ్రహం దగ్గర స్నేహితుల కోసం ఆగేవాళ్లు, ఎదురుగా బోలిన్ పబ్ కిటకిటలాడేది. ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగితే వెస్ట్‌ఫీల్డ్ మాల్ పక్కనుంచి వెళ్లాలి. దారి వెడల్పు, శుభ్రం, కానీ అది క్లబ్ పేట అనిపించదు.

లండన్ స్టేడియం 2012 ఒలింపిక్స్ కోసం కట్టింది. అథ్లెటిక్స్ కోసం ట్రాక్ ఉంచారు, ఫుట్‌బాల్ సీజన్‌లో దాన్ని కప్పి కింది సీట్లు ముందుకి తెస్తారు. గోల్ వెనక స్టాండ్లని తర్వాత ఇంకాస్త దగ్గర చేశారు. అయినా పై అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య పెద్ద ఖాళీ. పాట ఒక గోల్ వెనక మొదలైతే, అవతలివాళ్లు అందుకునేసరికి ఇక్కడివాళ్లు ఒక ముక్క ముందుంటారు. మామూలు శనివారం మ్యాచ్‌లో చాలాసార్లు అది సగంలోనే ఆగిపోతుంది.

అలాగని అక్కడ ఊపు రానే రాదనడం అన్యాయం. 2022 మార్చి 17న యూరప్ క్లబ్‌ల పోటీ యూరోపా లీగ్‌లో స్పెయిన్ జట్టు సెవియాతో మ్యాచ్ గుర్తు చేసుకోండి. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. మొదటి మ్యాచ్ 1-0తో ఓడి వచ్చారు, సౌచెక్ గోల్‌తో లెక్క సమమైంది, ఎక్స్‌ట్రా టైమ్‌లో యార్మొలెంకో రెండోది కొట్టాడు. అతని దేశం యుక్రెయిన్‌లో యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ రాత్రి అంత పెద్ద స్టేడియం ఒక్కటిగా ఊగిపోయింది. తేడా ఏమిటంటే, ఇక్కడ అందుకు పెద్ద సందర్భం కావాలి. అప్టన్ పార్క్‌లో ఒక మంచి టాకిల్ (అవతలివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం) సరిపోయేది.

మీరు వెళ్లాలనుకుంటే గోల్ వెనక కింది అంతస్తులో, వీలైతే బాబీ మూర్ స్టాండ్‌లో టికెట్ చూసుకోండి. పైనుంచి ఆట బాగా కనిపిస్తుంది, కానీ పాడేవాళ్లు ఎక్కువగా కిందే ఉంటారు. సాయంత్రం మ్యాచ్ దొరికితే అదే తీసుకోండి.