ప్రొపెల్లర్ ఆగాకే తలుపు

చి.ల.సౌ. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నీకు పైలట్ లైసెన్స్ వచ్చిన సంగతి మీ అమ్మ చెబితే తెలిసింది. అదీ ఏడుపు గొంతుతో. "అన్నయ్యా, అది విమానం నడుపుతుందట. జూలైలో చంటాడిని కూడా ఎక్కించుకుని విస్కాన్సిన్‌లో ఆష్‌కాష్ విమానాల పండగకి వెళ్తుందట. దానికి ఈ పిచ్చి అంటించింది నువ్వే" అని అరగంట తిట్టి ఫోన్ పెట్టేసింది. మీ అత్తయ్యకి చెప్తూ చెప్తూ పగలబడి నవ్వాను. ఆ రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో "తెలుసు మామయ్యా, తెలుసు మామయ్యా" అంటావు. అందుకే రాస్తున్నా. ఉత్తరానికి అడ్డు తగల్లేవుగా.

ముందు అందరూ చెప్పేవి తేల్చేస్తా. మబ్బు కిందికి దిగితే వెళ్లకు, వెళ్లాక దిగితే వెనక్కి తిరుగు. పగటిపూట అరగంటకి సరిపడా అదనపు పెట్రోలు ఉండాలంటుంది రూలు, నువ్వు గంటకి ఉంచుకో. ట్యాంకుల కింద నుంచి కొంచెం గ్లాసులోకి తీసి, నీళ్లు లేవని, రంగు నీలంగానే ఉందని చూసుకో. గడచిన 90 రోజుల్లో కనీసం 3 సార్లు లేచి దిగకపోతే పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకు. ఇవన్నీ మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పే ఉంటాడు. చెప్పకపోతే ఫీజు వెనక్కి అడుగు.

బరువు సంగతి మాత్రం ఆయన సరిగ్గా చెప్పలేడు. ఆయనకి మన చుట్టాలు తెలియదు. సెస్నా 172లో నాలుగు సీట్లుంటాయి గానీ, నలుగురు పెద్దవాళ్లు, నిండు ట్యాంకులు అంటే అది మొయ్యదు. పెట్రోలు గాలన్‌కి 6 పౌండ్లు. 40 గాలన్లు పోస్తే 240 పౌండ్లు. అంటే మీ బాబాయి లాంటి మనిషి ఇంకొకడు ఎక్కినట్టే. మనవాళ్లు జీతమెంతో చెప్తారు, బరువెంతో చెప్పరు. చెప్పిన అంకెకి పది కలుపుకో. ఎండాకాలం మధ్యాహ్నం గాలి పలచబడి విమానం లేవడానికే బద్ధకిస్తుంది, అప్పుడు ఆ పదే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకోటి, "పెట్రోలుకి మేమిస్తాం" అని జేబులు తడుముకుంటారు. అద్దె, పెట్రోలు తలా ఒక వాటా పంచుకోవచ్చు, నీ వాటా మాత్రం నువ్వు పెట్టుకోవాల్సిందే. అంతకు మించి ఒక్క డాలరు తీసుకున్నా ప్రైవేటు లైసెన్సుకి తప్పే.

ఆష్‌కాష్ కన్నా ముందు చిన్న ఊళ్లు నాలుగు చూడు బుజ్జీ. శనాదివారాల్లో ఏదో ఒక ఊళ్లో బ్రేక్‌ఫాస్ట్ ఉంటుంది. మొక్కజొన్న చేల మధ్య ఒక గడ్డి రన్‌వే, ఒక హ్యాంగర్, అందులో మడత బల్లలు, పెనం ముందు ఎప్పుడో రిటైరైన పెద్దాయన. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఏ దేశం నుంచి వచ్చావని ఎవరూ అడగలేదు. ఏ విమానంలో వచ్చావని అడిగారు. బేగంపేటలో గోడవతల నిలబడి విమానాలు చూసిన వాడికి ఆ ఒక్క ప్రశ్న ఎంతో చెప్పలేను. తిండి పాన్‌కేకులు, గుడ్లు, సాసేజ్. మనం పాన్‌కేకులతో సరిపెట్టుకోవాలి. వీళ్లలో ఒక జోకుంది, తిండి కోసమే ఎగిరొస్తే హాంబర్గర్‌కి వంద డాలర్లవుతుందని. నాది వంద డాలర్ల పాన్‌కేకు. మూడోసారికి చప్పదనం భరించలేక సంచీలో ఆవకాయ సీసా తీసుకెళ్లా. పక్కనున్న రైతు ఒకాయన అడిగి వేలితో నాకి, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ అడిగాడు. తరువాత ఆయన చనిపోయేదాకా ఏటా ఒక సీసా ఇచ్చేవాడిని.

ఆ ఊళ్లలో కంట్రోల్ టవర్ ఉండదు. రేడియోలో నువ్వు చెప్పేది ఎదుటివాళ్ల కోసం. 122.8 ఫ్రీక్వెన్సీ మీద చుట్టుపక్కల పది ఊళ్లు మాట్లాడుతుంటాయి, కాబట్టి ఊరి పేరు మొదటా చెప్పు, చివరా చెప్పు. అన్నీ చెప్పాక కూడా కళ్లతో వెతుకు, ఎందుకంటే పైపర్ కబ్ అనే ఆ పసుపుపచ్చ పాత విమానం నడిపే తాతగారికి రేడియోనే ఉండకపోవచ్చు. గడ్డి మీద దిగడానికి మీ క్లబ్బు ఒప్పుకుంటుందో లేదో ముందే అడుగు. ఊళ్లోకి వెళ్లడానికి పాత కారు ఒకటి ఊరికే ఇస్తారు. వాడుకుని పెట్రోలు పోయించకుండా తెచ్చి పెట్టావో, మన పరువు తీసినట్టే.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి తెలియదు. మీ అత్తయ్యకి సగమే తెలుసు.

1996 ఆగస్టు. మీరు షికాగో వచ్చి ఏడాది కూడా కాలేదు, నీకు ఆరేళ్లు. ఇల్లినాయ్‌లో మా ఇంటికి గంట దూరంలో గడ్డి రన్‌వే ఉన్న ఊళ్లో ఆదివారం పాన్‌కేకులు. నేను నోరు ఊరుకోక నాలుగు తెలుగు కుటుంబాలకి చెప్పా, రండి, అందరినీ ఒక్కో రౌండ్ తిప్పుతా అని. మీరంతా కార్లలో బయల్దేరారు. నేను విమానం దగ్గరికి వెళ్లేసరికి బ్యాటరీ మొరాయించింది. ఎవరో బండి తెచ్చి కేబుళ్లు తగిలిస్తే ఇంజిన్ అందుకుంది. అక్కడే మానేయాల్సింది. మానేస్తానా? నలుగురికీ మాటిచ్చా.

అక్కడ దిగాక ఒకటే భయం. ఇంజిన్ ఆపితే మళ్లీ అందుకోదేమో, అంతమంది ముందు గడ్డిలో కదలకుండా కూర్చుంటానేమో అని. అందుకని ఆపకుండానే ఒక బ్యాచిని ఎక్కించా. తిప్పి తెచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే దించి, ఇంకో బ్యాచిని ఎక్కించా. తలుపు తీసి "వెనక నుంచి, వెనక నుంచి" అని అరిచేవాడిని. ఆ హోరులో ఎవరికేం వినిపిస్తుంది! అయినా మొదటిసారి బాగానే జరిగింది. రెండోసారీ బాగానే జరిగింది. దాంతో నాకు ధైర్యం వచ్చింది చూడు, అదీ చేటు.

మూడోసారి కుడి తలుపులోంచి ఒకావిడ కుచ్చిళ్లు సర్దుకుంటూ దిగుతోంది. పడుతుందేమోనని అటు వంగి చెయ్యి అందించా. తల ఇటు తిప్పేసరికి ఎదురుగా నువ్వు. తెల్ల గౌను. రెండు చేతులతో పట్టుకున్న పేపరు ప్లేటు, అందులో పాన్‌కేకు. "మీ మామయ్య పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అని అత్తయ్య ఎవరితోనో అంటుంటే విన్నావట. నాకు పెట్టడానికి తిన్నగా విమానం ముక్కు వైపు పరిగెత్తుకొస్తున్నావు.

తిరిగే ప్రొపెల్లర్ కనిపించదని నీకిప్పుడు తెలుసు. లోపలున్న వాడికి కనిపించదు, ఎదురుగా వచ్చేవాళ్లకీ కనిపించదు. ఆరేళ్ల పిల్లకి అక్కడ మామయ్య ముఖం ఒక్కటే కనిపిస్తుంది. నేను తాళం చెవి తిప్పేశా. మామూలుగా ఇంజిన్ ఆపడానికి పెట్రోలు కట్టేసే మిక్స్చర్ పిడి లాగితే ఇంకా ఆలస్యమవుతుందని చేతికే తెలిసింది, బుర్రకి తెలియలేదు. చెవి తిప్పినా చిటికెలో ఆగదమ్మా అది. రెండు మూడు తిరుగుళ్లు కళ్లకి కనపడేలా తిరిగి, వణికి, అప్పుడు ఆగుతుంది. ఆ లోపు ఎక్కడి నుంచి వచ్చాడో, పార్కింగ్ చూసుకునే నారింజ చొక్కా ముసలాయన వెనక నుంచి నీ గౌను పట్టి గాల్లోకి లేపేశాడు. ప్లేటు నీ చేతిలోంచి జారి ముందుకి పోయింది. టప్ అని చప్పుడు. అద్దం నిండా సిరప్.

ప్లేటు ముక్కలు తరువాత గడ్డిలోంచి ఏరాను. అన్నిటికన్నా పెద్దది నా బొటనవేలంత ఉంది.

పాన్‌కేకు పోయిందని నువ్వు ఏడ్చావు. ముసలాయన నిన్ను దించి మీ అత్తయ్యకి అప్పగించి, నా కిటికీ దగ్గరికొచ్చి, ఎందుకు ఆపలేదని అడిగాడు. బ్యాటరీ బాగాలేదన్నా. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. వెళ్లి తడిగుడ్డ తెచ్చి ఇచ్చాడు, అద్దం తుడుచుకోమని. నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడినేమో.

ఆ తరువాత చెవి తిప్పితే ఇంజిన్ అందుకోనే లేదు. విమానాన్ని అక్కడే తాళ్లతో కట్టేసి మీ నాన్న కారెక్కా. దారంతా నువ్వు వెనక సీట్లోంచి నా జేబులో పెన్ను లాగుతూనే ఉన్నావు. దేనికి భయపడి ఇంజిన్ ఆపలేదో చివరికి అదే జరిగింది. ఏమైంది? కారులో ఇంటికి వెళ్లా.

మళ్లీ నిన్ను ఎప్పుడూ విమానం ఎక్కించలేదని అలిగావు కదూ? మామయ్య పిసినారి, పెట్రోలు డబ్బులు చూసుకుంటాడు అని మీ తమ్ముడితో అన్నావట. అననీలే అని ఊరుకున్నా. ఆ అద్దంలోంచి నీ ముఖం మళ్లీ చూసే ధైర్యం లేకపోయింది తల్లీ. మరుసటేడు ఆ ఊరికే వెళ్లి, నాకూ ఒక నారింజ చొక్కా ఇమ్మని అడిగా. యంగ్ ఈగిల్స్ అని ఎనిమిది నుంచి పదిహేడేళ్ల పిల్లలని ఉచితంగా తిప్పుతారే, ఆ శనివారాలన్నీ నేను జనాన్ని ఆపే తాడు పట్టుకుని నేల మీదే ఉండేవాడిని. "అంత లైసెన్స్ పెట్టుకుని ఈ కాపలా ఏమిటండీ" అనేది అత్తయ్య. తనకి తెలిసిన సగం అది కాదు మరి.

అందుకని ఇది విను. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగి, చెవి బయటికి తీసి, అద్దం ముందు అందరికీ కనిపించేలా పెట్టాకే తలుపు తియ్యి. ఒకరు దిగి ఒకరు ఎక్కాలన్నా అంతే, వాన పడుతున్నా అంతే, చంటాడికి బాత్రూమ్ అర్జెంటైనా అంతే. సీటు ఖరాబైతే కడుక్కోవచ్చు. స్టార్ట్ చేసేముందు "క్లియర్ ప్రాప్" అని అరిచేస్తారు, అరుస్తూనే చెవి తిప్పేస్తారు, అదేదో మంత్రమైనట్టు. అరిచి, ఆగి, రెండు పక్కలా చూసి అప్పుడు తిప్పు. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ని కూడా నమ్మకు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోని ఆపే వైరు తెగితే చెవి చేతిలో ఉన్నా, చేత్తో కదిపితే ఇంజిన్ ఒక్కసారి తన్నొచ్చు. ఫొటో కోసం దాన్ని పట్టుకుని నిలబడటం మీ ఆయనకి సరదా అని నాకు తెలుసు, మాన్పించు. చంటాడికి ఒకటే నేర్పు, విమానాల దగ్గర వాడి చెయ్యి ఎప్పుడూ ఒక పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఆ పెద్దవాళ్లు నువ్వు కాకూడదు. నీకు వంద పనులుంటాయి.

ఆష్‌కాష్ గురించి. 1970 నుంచి ఆ పండగ అక్కడే జరుగుతోంది. ఆ వారం ఆ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులకి 10,000కి పైగా విమానాలు వస్తాయి. రైలు పట్టాల మీదుగా సముద్రమట్టం నుంచి 1800 అడుగుల ఎత్తులో, గంటకి 90 నాటికల్ మైళ్ల వేగంతో, ముందున్న విమానానికి అరమైలు వెనక పోతుండాలి. ఫిస్క్ అనే చిన్న ఊరు దగ్గర కంట్రోలర్లు నేల మీద నిలబడి, నీ విమానం రంగుతో నిన్ను పిలిచి రెక్కలు ఊపమంటారు. నోటితో జవాబు చెప్పకూడదు, ఊపాలి. తరువాత రన్‌వే మీద ఫలానా రంగు చుక్క దగ్గర దిగమంటారు. ఈ రూల్సన్నీ ఉండే ఆ ఏటి నోటీసు మొత్తం చదువు, పోయిన ఏడాదిది చదివినవాళ్ల మాట వినకు. రెక్క కింద టెంటు వేసుకుని పడుకుంటారు, ఆ నిద్ర ఏ హోటల్లోనూ రాదు. మేకులు మాత్రం గట్టివి, స్క్రూలా నేలలోకి దిగేవి తీసుకెళ్లు, అక్కడి గాలివానలు ఊరికే పోవు.

దారంతా ఇంకో జత కళ్లు కావాలి. పక్క సీట్లో అనుభవం ఉన్న పైలట్‌ని కూర్చోబెట్టుకో, మీ ఆయనని, చంటాడిని ఈ ఏటికి కారులో రమ్మను. కోపం వస్తే రానీ. దిగాక జెండాలు పట్టుకున్న వాలంటీర్లు చూపించిన చోటికే వెళ్లు. పిల్లల బళ్లు తోసుకుంటూ, తల పైకెత్తి ఆకాశం చూస్తూ జనం నడుస్తుంటారు. వాళ్ల ముందు నుంచి నీ ప్రొపెల్లర్ తిరుగుతూ పోతుంది. నాకు నిద్ర పట్టనిది అక్కడ.

గుండెకి స్టెంట్ వేశాక నేను ఎగరడం మానేశా గానీ నా నారింజ చొక్కా ఇంకా ఇంట్లోనే ఉంది. వచ్చే నెల రెండో శనివారం మా ఊరి బ్రేక్‌ఫాస్ట్‌కి రా. ఒక్కదానివే ఎగిరి రా. పార్కింగ్ నేనే చూపిస్తా. ఇంజిన్ ఆపు, తాళం చెవి పైన పెట్టు, అప్పుడు నేను దగ్గరికి వస్తా. ప్లేటు నేనే తెస్తా.

ఆవకాయ కూడా.

నీ మామయ్య

తా.క.: ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. ఇన్నేళ్ల తరువాత ఆ తిట్లు తినే ఓపిక నాకు లేదు.