‘హాడ్’ ఎక్కడ పెట్టాలో మా మేనల్లుడికి

కావలి

అబ్బయ్యా,

ఇంటర్వ్యూ కోసం నీ గురించి ఇంగ్లిష్‌లో రాసి పంపిన పేజీ రెండుసార్లు చదివాను. స్పెల్లింగులు బాగున్నాయి. కానీ ఒక్క పేజీలో పదకొండు ‘హాడ్’లు ఉన్నాయిరా! వాటిలో రెండే నిలుస్తాయి. ‘ఐ హాడ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022’ అన్నావు. సరే, దేనికంటే ముందు? చదివేవాడు ఇంకో కబురు కోసం చూస్తుంటాడు, నువ్వేమో చుక్క పెట్టి వేరే సంగతికి పోయావు. ‘ఐ కంప్లీటెడ్’ చాలు.

ఈ జబ్బు నాకూ ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో లీవ్ లెటర్లో ‘ఐ హాడ్ సఫర్డ్ ఫ్రమ్ ఫీవర్ ఎస్టర్‌డే’ అని రాశాను. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూంలో అందరి ముందూ ‘జ్వరం వచ్చింది మాస్టారూ, ఆ తర్వాత ఏం జరిగింది?’ అన్నారు. ‘ఏం జరగలేదండీ, తగ్గింది’ అన్నాను. ‘మరి హాడ్ ఎందుకు?’ అన్నారు. ఒళ్ళు మండింది గానీ, ఈ హాడ్ వాడకం, అదే పాస్ట్ పర్‌ఫెక్ట్, నాకు అర్థమైంది ఆ రోజే.

పని ఎంత పాతదన్నది దీనికి అనవసరం. జరిగిపోయిన రెండు సంగతుల్లో తర్వాత జరిగినదాని దగ్గర నిలబడి, దానికంటే ముందుదాన్ని చెబితేనే హాడ్. మన జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు గారినే తీసుకో. ఆయన 1952 డిసెంబరులో ప్రాణాలు వదిలారు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇలా వరసగా చెబితే రెండింటికీ హాడ్ లేని సింపుల్ పాస్టే. అదే రాష్ట్రం వచ్చిన రోజుతో మొదలుపెట్టి, అప్పటికే ఆయన లేరు అనాలంటే ‘హి హాడ్ ఆల్‌రెడీ డైడ్’.

నువ్వు తెలుగులోనే ఆలోచిస్తావు కాబట్టి ఇంకో దారి చెబుతా. ‘నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి పినాకిని రైలు వెళ్ళిపోయింది.’ ఈ ‘ఏసరికి’, ‘అప్పటికే’ ఉన్నచోట హాడ్‌కి పని ఉంటుంది: ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, పినాకిని హాడ్ లెఫ్ట్.’ ఇందులో హాడ్ తీసేసి ‘పినాకిని లెఫ్ట్’ అన్నావనుకో, నేను వెళ్ళగానే బండి కదిలింది అని అర్థం. పరిగెత్తితే ఎక్కొచ్చేమో! ‘తిని వెళ్ళాను’ లాంటి వాటికి హాడ్ వద్దు, ‘ఐ ఏట్ అండ్ వెంట్’ చాలు. బిఫోర్, ఆఫ్టర్ ఉంటే ఏది ముందో అవే చెప్పేస్తాయి, హాడ్ పెట్టకపోయినా తప్పు లేదు.

కట్టడం తేలిక. ఐ, హి, దే ఎవరైనా హాడ్ మారదు, దాని పక్కన క్రియ మూడో రూపం. తంటా అంతా ఆ మూడో రూపంతోనే. ‘హాడ్ వెంట్’, ‘హాడ్ కేమ్’, ‘హాడ్ ఏట్’ అని డిగ్రీలు చదివినవాళ్ళ నోటా విన్నాను. గాన్, కమ్, ఈటెన్ అనాలి. లేదనడానికి ‘హాడ్ నాట్’, అడగడానికి హాడ్‌ని ముందుకు తేవడం, అంతే. ‘ఐ హాడ్ హాడ్ ఫీవర్’ అని ఎక్కడైనా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు, రెండో హాడ్ అసలు క్రియ. ‘ఐడ్’ అని కుదించి రాసినప్పుడు పక్కమాట చూడు: ‘ఐడ్ గాన్’ అయితే హాడ్, ‘ఐడ్ గో’ అయితే వుడ్.

ఇక ‘నువ్వు చెప్పి ఉంటే నేను వచ్చేవాణ్ణి’ అంటాం చూడు, చెప్పలేదు, రాలేదు అని అర్థం. ఆ ‘చెప్పి ఉంటే’ ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ యూ హాడ్ టోల్డ్ మీ’. వెనక ‘ఐ వుడ్ హావ్ కమ్’. నీ పేజీలో నిలిచిన రెండు హాడ్‌లలో ఒకటి ఇలాంటిదే, చక్కగా కుదిరింది. రెండోది ‘బై ద టైమ్’తో మొదలైన వాక్యంలోది.

మిగతా తొమ్మిదీ తీసేసి, గట్టిగా చదువుకుని, శుక్రవారం లోపు పంపు. ఇంటర్వ్యూలో నోరు జారి ఒక హాడ్ ఎక్కువ పడితే ఆగి దిద్దుకోవద్దు, టెన్షన్ పడతావు, సాగిపో. అమ్మ ఒంగోలు వస్తే ఆవకాయ అందిందని చెప్పు. నేను ఫోన్ చేసేసరికి తను పడుకుందట.

మీ మామయ్య