దాసుడా, బానిసా?

సందేహం: అమెరికాలో బానిసత్వంపై నాట్ టర్నర్ నడిపిన తిరుగుబాటు ఇతివృత్తంగా గల ఒక చారిత్రక నాటకాన్ని తెలుగు చేస్తున్నాను. యజమానులు, బోధకులు, ఆఫ్రికన్లు అందరి నోటా ‘దాసుడు’ అనే వాడాను. అన్నిచోట్లా ‘బానిస’ అనాలని మిత్రులొకరు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: నిఘంటువులను బట్టి రెండూ ఒకటే. భారతంలో వినత కద్రువకు చేసింది దాస్యమే. గరుత్మంతుడు అమృతం తెచ్చి తల్లిని విడిపించింది ఆ దాస్యం నుంచే. అయితే భక్తి సాహిత్యం ఆ మాటకు వేరొక వెలుగునిచ్చింది. కంచర్ల గోపన్న రామదాసు అయ్యాడంటే ఆయనను ఎవరో కొన్నారని కాదు, తనను తాను రాముడికి అర్పించుకొన్నాడని అర్థం. నేటి తెలుగు చెవికి ‘దాసుడు’లో ఇష్టం వినబడుతుంది; ‘బానిస’లో బలవంతమే వినబడుతుంది. కనుక వేలంపాటలోను, కొరడా పట్టినవాడి నోటను ‘బానిస’ అనే ఉండాలి. అక్కడ ‘దాసుడు’ అంటే క్రౌర్యానికి మర్యాద తొడిగినట్లవుతుంది.

బోధకుడి దృశ్యం సంగతి వేరు, అక్కడ మీ మిత్రుల మాట వినకండి. ‘దాసులారా, మీ యజమానులకు విధేయులై ఉండండి’ అన్న బైబిల్లోని పౌలు మాటను బానిసలు పనిచేసే తోటల్లో పదేపదే వినిపించేవారు. అదే పౌలు రోమీయులకు రాస్తూ తనను యేసుక్రీస్తు దాసుడనని చెప్పుకొన్నాడు. ఆ బానిసలు విన్న ఇంగ్లీషు బైబిల్లోను, మన తెలుగు బైబిల్లోను ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే మాట. దేవుడికి మనసారా చేసే ఊడిగాన్ని, మనిషికి దెబ్బల భయంతో చేసే చాకిరీని ఒక్క మాట చాటున కలిపివేయడమే ఆ బోధలోని మోసం. మాట మారిస్తే ఆ మోసం ప్రేక్షకుడికి అందదు. వెస్టిండీస్ బానిసల కోసం 1807లో లండన్‌లో అచ్చువేసిన బైబిల్లో ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) చెర నుంచి బయటపడిన కథనే తీసివేశారంటే, ఏ మాట ఎవరి చెవిన పడుతుందోనని దాన్ని అచ్చువేసినవారు ఎంత భయపడ్డారో ఊహించండి. ఆ భయం వృథా కాలేదు. 1831 ఆగస్టులో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో తిరగబడిన టర్నర్ స్వయంగా బైబిలు చదివి బోధించినవాడు. అతడు దేవుడి ముందు ‘నీ దాసుణ్ణి’ అనాలి, యజమాని ముందు ‘నీ బానిసను కాను’ అనాలి. ఇంగ్లీషులో రెండు మాటలున్నా లేకున్నా, తెలుగు ఇచ్చిన ఈ సౌకర్యాన్ని వదులుకోవద్దు.

ఇక అనువాదంలో ఎదురయ్యే మరో మాట: ‘బానిసలుగా చేయబడిన ఆఫ్రికన్లు’ అనే కర్మణి ప్రయోగం తెలుగు నుడికారం కాదు. ‘బానిసలను చేసి తెచ్చిన ఆఫ్రికన్లు’ అంటే చేసినవారున్నారని కూడా తెలుస్తుంది. టర్నర్ 1800లో వర్జీనియాలోనే పుట్టాడు కాబట్టి అతడికి ఇది కుదరదు. ‘పుట్టు బానిస’ అంటే అది అతడి స్వభావమన్నట్లు ధ్వనిస్తుంది. ‘బానిసత్వంలో పుట్టినవాడు’ అనండి.

ఆయుధం పట్టిన ఘట్టానికి ‘తిరుగుబాటు’ సరిపోతుంది. కానీ రాత్రివేళ గొంతులు బయటికి పొక్కకుండా గుమ్మం దగ్గర ఇనుప కుండ బోర్లించి, రహస్యంగా ప్రార్థన చేసుకొన్న బానిసలది తిరుగుబాటు కాదు. దానికి ‘ప్రతిఘటన’ అన్నదే తగిన మాట.