రెండు వేల న్యూటన్లు అని చూపించినప్పుడు ఏమి అడగాలి

కావలి నుంచి అడిగిన మీ ప్రశ్న ఇది: కింది దవడ పన్ను ఒకటి తీసేశారు, జిర్కోనియా బ్రిడ్జి (పక్క పళ్ళను ఆధారం చేసుకుని ఖాళీని నింపే, గట్టి పింగాణీ రకంతో చేసిన కట్టుడు పళ్ళు) వేయించుకోమన్నారు, కరపత్రంలో '2000 న్యూటన్లు తట్టుకుంటుంది' అని ఉంది, ఆ పరీక్షను నమ్మవచ్చా?

నేను ఒంగోలులో పళ్ళ ల్యాబ్‌లో క్యాపులు, బ్రిడ్జిలు తయారు చేస్తాను. దంతవైద్యం పీజీ విద్యార్థులు కొందరు తమ పరిశోధనలో బలం పరీక్షించడానికి కావలసిన నమూనాలు మా దగ్గరే చేయించుకుంటారు. వాటిని విరిచేటప్పుడు పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను: ఆ సంఖ్య నిజమే కావచ్చు, కానీ దాన్నిబట్టి నిర్ణయం తీసుకోకండి.

రెండు వేల న్యూటన్లంటే దాదాపు రెండు వందల కిలోల బరువు. దవడ పళ్ళతో శక్తికొద్దీ కొరికినా సాధారణంగా వెయ్యి న్యూటన్లు దాటదు. అన్నం నమిలేటప్పుడు పడేది అందులో చిన్న భాగమే. అయినా నోట్లో బ్రిడ్జిలు విరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే నోరు ఒక్క దెబ్బతో విరవదు. తడిలో చిన్న బరువునే లక్షల సార్లు మోపుతుంది. పింగాణీలో కంటికి కనిపించని పగులు ఉంటే, తేమ దాని కొసకు చేరి కొద్దికొద్దిగా ముందుకు నడిపిస్తుంది.

అందుకే మంచి పరీక్షలో బ్రిడ్జిని ముందు నమిలే యంత్రంలో పెడతారు. సుమారు 50 న్యూటన్లు, అంటే ఐదు కిలోల బరువు, 12 లక్షల సార్లు పడుతుంది. దీన్ని ఐదేళ్ళ నమలడంతో సమానంగా లెక్కించడం ఆనవాయితీ. మధ్యలో 5 డిగ్రీల నీళ్ళు, 55 డిగ్రీల నీళ్ళు మార్చి మార్చి తగిలిస్తారు. ఇదంతా అయ్యాక నిలిచినదాన్నే విరిచే యంత్రం కిందికి తెస్తారు. కొత్త బ్రిడ్జిని పొడిగా తెచ్చి నేరుగా విరిచి రాసిన అంకెకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

నాకు బాగా నచ్చే జాగ్రత్త మరొకటి ఉంది. పన్ను ఎముకలో కదలకుండా బిగిసి ఉండదు. వేరు చుట్టూ ఉన్న సన్నని పొర దాన్ని కొద్దిగా కదలనిస్తుంది. శ్రద్ధగా చేసేవారు పరీక్షకు వాడే పన్ను వేరుకు రబ్బరులాంటి సిలికాన్ పూసి, ఆ తర్వాతే యాక్రిలిక్ దిమ్మెలో నిలబెడతారు. అప్పుడు బ్రిడ్జి నోట్లో వంగినట్టే వంగుతుంది. పొర లేకుండా బిగిస్తే అంకె సాధారణంగా పెద్దదిగా వస్తుంది.

ఇక విరిగే చోటు. చాలావరకు రెండు పళ్ళను కలిపే కనెక్టర్ దగ్గర, చిగురు వైపు నుంచి పగులు మొదలవుతుంది. ఇంటి దూలం మీద బరువు పడితే అడుగు భాగం సాగినట్టే ఇక్కడా జరుగుతుంది. ఖాళీ రెండింతలైతే వంగడం ఎనిమిదింతలు అవుతుంది. కనెక్టర్ ఎత్తు తగ్గినా అదే ఘన లెక్కలో వంగడం పెరుగుతుంది. దవడ వైపు మూడు పళ్ళ జిర్కోనియా బ్రిడ్జికి కనెక్టర్ అడ్డుకోత వైశాల్యం సాధారణంగా 9 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదంటారు. పళ్ళు అరిగి పొట్టిగా ఉన్నవారి అచ్చులు వచ్చినప్పుడు ఆ ఎత్తు తెప్పించడానికి మేము నిజంగా కష్టపడతాం. కరపత్రంలోని నమూనాకు ఆ ఇబ్బంది ఉండదు.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే కనిగిరి వైపు వారికి ఒక మాట. పరీక్షలకు సాధారణంగా పుచ్చు, పగులు లేని పళ్ళే ఏరుకుంటారు. ఫ్లోరైడ్ నీళ్ళతో గారపట్టిన ఎనామెల్ (పన్ను పైపొర) అతికించే ముందు పూసే ఆమ్లానికి సరిగా లొంగదు, జిగురు పట్టు తగ్గవచ్చు. పన్నును పెద్దగా అరగదీయకుండా ఎనామెల్‌కే అతికించే రకం బ్రిడ్జి అయితే ఈ సంగతి డాక్టరుగారితో ముందే మాట్లాడండి.

మీది ఒక పన్ను ఖాళీయే కాబట్టి, పక్క పళ్ళు గట్టిగా ఉంటే జిర్కోనియా మంచి ఎంపికే. మీ నోట్లో కనెక్టర్‌కు ఎంత ఎత్తు వస్తుందో, జిర్కోనియా పైన మామూలు పింగాణీ పొర వేస్తారో లేదో అడగండి. ఆ పొర చిట్లిపోవచ్చు కాబట్టి దవడ పన్నుకు పొర లేని జిర్కోనియానే నేను కోరుకుంటాను. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుంటే దాచకుండా చెప్పండి. బ్రిడ్జిని మోసే పక్క పళ్ళ అంచున పుచ్చు పట్టడాన్ని నమిలే యంత్రం పరీక్షించదు. చాలా బ్రిడ్జిలు తీసేయవలసి వచ్చేది దానివల్లే. బ్రిడ్జి కింద చిన్న బ్రష్‌తో ఎలా శుభ్రం చేసుకోవాలో అమర్చిన రోజునే చేసి చూపించమని అడగండి.