సొరచేపల మీద యూనివర్సిటీ పరిశోధన అంటే రోజూ ఏం చేస్తారు? దానివల్ల సొరలు నిజంగా బతుకుతాయా?

ప్రశ్న అడిగినవారు కాకినాడలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నామని రాశారు. సొరచేపల ప్రవర్తన మీద పరిశోధన చేసేవాళ్ళు రోజూ చేసే పనేంటి, దానివల్ల సొరలకు ఏమైనా ఒరుగుతుందా, మన దగ్గర చదివినవాళ్ళకు అటు దారి ఉందా అని అడిగారు. ఈ పని చేసినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందే ఒక మాట. సొరలకు మేలు చేసిన పరిశోధనలో ఎక్కువ భాగం ఒకే చోట, ఒకే నెలలో, ఏళ్ళ తరబడి అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల వచ్చింది. టీవీలో బోనులోంచి పెద్ద సొరను చూపిస్తారే, అలాంటి రోజులు ఉంటాయి కానీ తక్కువ. ఈ సంగతి తెలిసి వచ్చినవాళ్ళే ఇందులో నిలబడతారు.

నేను విశాఖలో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ చేశాక, విదేశంలో రీసెర్చ్ మాస్టర్స్‌లో చేరాను. ఫీల్డ్ వర్క్ బహామాస్‌లోని బిమినీ దీవుల్లో. అమెరికాలోని మయామీకి తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. మయామీ యూనివర్సిటీ ప్రొఫెసర్ శామ్యూల్ గ్రూబర్ 1990లో అక్కడొక ఫీల్డ్ స్టేషన్ పెట్టారు. అందరూ షార్క్ ల్యాబ్ అంటారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ, అదే ఐయూసీఎన్, తరఫున సొరల నిపుణుల బృందాన్ని మొదలుపెట్టింది కూడా ఆయనే. 2019లో పోయారు. అక్కడ ముఖ్యంగా చదివేది లెమన్ షార్క్ అనే జాతిని. ఒళ్ళు లేత పసుపు ఛాయలో ఉంటుంది, పెరిగితే మూడు మీటర్లు దాటుతుంది. తల్లులు మడ అడవుల పక్కన మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు మొదటి రెండు మూడేళ్ళు ఆ మడ వేళ్ళ దగ్గరే తిరుగుతాయి. పెద్ద సొరల నోట పడకుండా ఉండటానికి వాటికి అంతకంటే మంచి చోటు లేదు. పరిశోధకులకు కూడా అదే అదృష్టం. ఎక్కడికీ పోకుండా ఒకే చోట దొరికే సొర పిల్లలు ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉన్నాయి.

ఇక రోజూ చేసే పని. నిజానికి అది రాత్రి పని. వేసవి మొదట్లో, పిల్లలు పుట్టిన కొద్ది వారాలకు, ఒడ్డు నుంచి లోపలికి అడ్డంగా వల కడతారు. సాయంత్రం కట్టి తెల్లవారేదాకా ఉంచుతారు. పావుగంటకోసారి వల పొడవునా లైటు వేసుకుంటూ నడవాలి. వలలో చిక్కిన సొర పెనుగులాడి అలిసిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ పావుగంట విషయంలో ఎవరికీ మినహాయింపు ఉండదు, వాన వచ్చినా, దోమలు పీక్కుతింటున్నా. పిల్ల కనిపించగానే ఒక చెయ్యి తల వెనక, ఒక చెయ్యి తోక మొదట్లో పట్టుకుని విడదీస్తాం. సొరకు ఎముకలుండవు, అంతా మృదులాస్థే. దాంతో ఒళ్ళు మొత్తం వెనక్కి మెలితిప్పి తన తోకనే అందుకోగలదు. పట్టు వదులైతే వేళ్ళు దాని పళ్ళకు దొరుకుతాయి. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది, వెనక్కి నిమిరితే చెయ్యి గీరుకుపోతుంది. చర్మం నిండా సన్నటి పళ్ళలాంటి పొలుసులు ఉంటాయి మరి.

వెల్లకిలా తిప్పితే కొద్ది క్షణాల్లో కదలకుండా అయిపోతుంది. దీన్ని టానిక్ ఇమ్మొబిలిటీ అంటారు. ఆ కాసేపట్లోనే పనంతా అవ్వాలి. పొడవు కొలవాలి, బరువు తూయాలి, వీపు రెక్క మొదట్లో బియ్యపు గింజంత చిప్ ఎక్కించాలి, రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి డీఎన్‌ఏ కోసం సీసాలో వెయ్యాలి. అన్నిటికంటే నాకు ఇష్టమైన పని బొడ్డు చూడటం. లెమన్ షార్క్ గుడ్లు పెట్టదు. పిల్ల తల్లి కడుపులో మాయతో పెరుగుతుంది, బొడ్డు తాడు ఉంటుంది. కొత్తగా పుట్టిన పిల్లకు ముందు రెక్కల మధ్య, పొట్ట మీద, చిన్న చీలిక ఇంకా మూసుకోకుండా కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ గీతలా మారి, తర్వాత మాయమవుతుంది. ఆ గీతను బట్టి అది ఎంత కొత్తదో అంచనా వేస్తాం. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. సొర అంటే నోరు, పళ్ళు అనుకునే మనకు దానికీ ఒక బొడ్డు ఉంటుందని తెలియడం చిన్న విషయం కాదు.

కొలతలు అయ్యాక పిల్లల్ని నీళ్ళలోనే కట్టిన దడిలో ఉంచుతారు, ఆ సీజన్ వలలు అయిపోయేదాకా. లేకపోతే పట్టిన దాన్నే మళ్ళీ పట్టాల్సి వస్తుంది. తర్వాత ఎక్కడ పట్టారో అక్కడే వదులుతారు. ఇది 1995 నుంచి ప్రతి ఏడాదీ జరుగుతోంది.

ప్రవర్తన పరిశోధన చాలావరకు ఇలాంటి దడుల్లోనే చేస్తారు. పక్కన ఎత్తైన మంచె మీద కూర్చుని, ఏ పిల్ల ఎవరి పక్కన ఎంతసేపు ఈదుతోంది, ఎవరు ముందు, ఎవరు వెనక అని నిమిషాల లెక్కన రాసుకోవాలి. ఎండలో కళ్ళు నీరుకారతాయి, కానీ చూపు తిప్పకూడదు. ఆ రాతల్లోంచి ఏం తేలిందో చూడండి. ఈ పిల్లలు ఒంటరిగా కంటే తమ జాతివాటితోనే తిరగడానికి ఇష్టపడతాయి. తిండి ఎక్కడ దొరుకుతుందో నేర్చుకున్న సొరతో జత చేస్తే కొత్త సొర ఆ పని త్వరగా పట్టేస్తుంది. అంటే పక్కవాళ్ళని చూసి నేర్చుకుంటుంది. ఈ సంగతి 2013లో ప్రచురించారు. ఒక్కో పిల్లకూ ఒక్కో స్వభావం ఉంటుందని కూడా తేలింది. కొన్ని కొత్త చోటు మొత్తం చుట్టి చూస్తాయి, కొన్ని ఒక మూలనే ఉండిపోతాయి, మళ్ళీ పరీక్షించినా దాదాపు అలాగే ఉంటాయి. సొరకు బుర్ర లేదు, వాసన పడితే వచ్చి కరుస్తుందంతే అనే అపోహకు ఈ పనుల ముందు చోటు లేదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం ఆ చిన్న రెక్క ముక్కల్లో ఉంది. ఏటేటా సేకరించిన డీఎన్‌ఏను షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో కెవిన్ ఫెల్డ్‌హైమ్, ఆయన సహచరులు విశ్లేషించారు. పిల్లల డీఎన్‌ఏ పోల్చి చూస్తే, తల్లి వలలో పడకపోయినా దాని జన్యు వివరాలు చాలావరకు కట్టుకోవచ్చు. అలా చూస్తే కొన్ని తల్లులు రెండేళ్ళకోసారి బిమినీకే వచ్చి పిల్లల్ని కంటున్నాయని తేలింది. 1993-97 మధ్య బిమినీలోనే పుట్టిన ఆడ పిల్లల్లో కనీసం 6, 14 నుంచి 17 ఏళ్ళ తర్వాత పెద్దవై, తిరిగి అక్కడికే కాన్పుకు వచ్చాయి. ఈ ఫలితం 2014లో వచ్చింది. సొరల్లో ఇలా పుట్టిన చోటికే తిరిగి వచ్చి పిల్లల్ని కంటాయని రుజువు దొరకడం అదే మొదటిసారి. మన ఆడపిల్లలు కాన్పుకు పుట్టింటికి రావడం గుర్తొచ్చి, ఆ పేపర్ చదువుతున్నప్పుడు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

ఇందులో సంరక్షణకు పనికొచ్చేది ఏంటంటే, ఒక మడ అడవిని పూడ్చేస్తే ఆ సొరలు పక్క మడకు వెళ్ళి కంటాయిలే అని ధీమాగా ఉండటానికి లేదు. సముద్రం పెద్దదే, కానీ వాటికి పురిటి చోటు చిన్నది. ఉత్తర బిమినీలో రిసార్టు కోసం సముద్రం అడుగు తవ్వి, మడ కొట్టేసినప్పుడు పిల్లల బతుకు రేటు పడిపోయిందని అదే వలల లెక్కలు చూపించాయి. తవ్వకానికి ముందు ఏళ్ళ లెక్కలు చేతిలో ఉన్నాయి కాబట్టే ఆ మాట గట్టిగా చెప్పగలిగారు. ఆ తర్వాత వెళ్ళి మొదలుపెట్టి ఉంటే పోల్చడానికి ఏమీ ఉండేది కాదు.

బహామాస్ ప్రభుత్వం 1993లో లాంగ్‌లైన్ వేటను, 2011లో తన జలాలన్నిటా సొరల వాణిజ్య వేటను నిషేధించింది. ఇదంతా ఒక్క ల్యాబ్ వల్లే జరిగిందని నేననను. సొరల్ని చూడటానికి వచ్చే డైవర్ల వల్ల ఆ దేశానికి మంచి ఆదాయం ఉంది, అది పెద్ద కారణం. కానీ వాదించేవాళ్ళ చేతిలో ఏళ్ళ లెక్కలు ఉండటం వేరు, ఉత్త ఆవేదన ఉండటం వేరు. ఆడ లెమన్ షార్క్ పిల్లల్ని కనే వయసుకు రావడానికే పన్నెండేళ్ళు పడుతుంది. ఆ తర్వాత కూడా ఏడాది విడిచి ఏడాది కాన్పు. పుట్టినవాటిలో దాదాపు సగం మొదటి ఏడాది దాటవు. ఇలాంటి జీవిని వంజరం, కానాగంతల్లా పడితే తేరుకోలేదు. 1970 నుంచి చూస్తే నడి సముద్రంలో తిరిగే సొరలు, టేకు చేపలు (రేలు) 71 శాతం తగ్గాయని 2021లో ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్క కట్టింది. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

ఇక మన తీరం సంగతి. ఇక్కడ బహామాస్ పద్ధతి పెట్టండి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సొరలు ఎక్కువగా పట్టే దేశాల్లో మనదీ ఒకటి. ఆ వేట మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, పైగా చాలావరకు వేరే చేపల కోసం వేసిన వలలోనే సొర పడుతుంది. తీరం ఊళ్ళలో బాలింతకు పాలు పడతాయని పాల సొర వండి పెట్టడం తరతరాల అలవాటు. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. చట్టాలు కూడా లేకపోలేదు. తిమింగల సొర, అదే వేల్ షార్క్, 2001 నుంచి రక్షిత జీవి. 2015లో సొర రెక్కల ఎగుమతి ఆపేశారు. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కి వచ్చిన వేల్ షార్క్‌ను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. మనవాళ్ళకు మనసు లేదని ఎవరూ అనలేరు. లేనిది ఏంటంటే, ఏ సొర ఏ నెలలో, ఎక్కడ పిల్లల్ని కంటుందో ఊరూరా చెప్పగలిగే లెక్క. అది ఉంటే ఏడాది పొడవునా వద్దనకుండా ఫలానా చోట, ఫలానా వారాలు వదిలిపెట్టండి అని అడగొచ్చు. అడిగినా న్యాయంగా ఉంటుంది.

తిరిగొచ్చాక నేను చేస్తున్నది ఆ పనే. తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాట మొదలయ్యేలోపు టేపు పట్టుకుని కూర్చుంటాను. జాతి, పొడవు, ఆడా మగా, బొడ్డు గీత. ఒకసారి ఒక పెద్దాయన, బోటు నడిపే సరంగు, నన్ను చాలాసేపు గమనించి "ఏటమ్మా, దాని పొట్ట అంతలా సూత్తన్నావు?" అన్నాడు. బొడ్డు చూపించి, ఇది పుట్టి కొన్ని వారాలే అయ్యింది బాబాయ్ అని చెప్పాను. ఆయన వంగి వేలితో తడిమి చూశాడు. ఆ తర్వాత పిల్ల సొరలు ఏ నెలలో, ఎంత లోతులో, ఏ వలకు పడతాయో వరసపెట్టి చెబుతూనే ఉన్నాడు, నేను రాసుకుంటూనే ఉన్నాను. ఏ యూనివర్సిటీలోనూ ఆ పాఠం దొరకదు. సరంగుల్ని, చేపలు కోసే అమ్మల్ని పలకరించడం చేతకాకపోతే మన తీరంలో సొరల పరిశోధన సాగదు.

దారి గురించి క్లుప్తంగా చెబుతాను. మీ డిగ్రీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. తమిళనాడు పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ కేంద్రం ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడివాళ్ళకు సొరల మీద పని కొత్త కాదు. విదేశీ ఫీల్డ్ స్టేషన్లలో చాలాచోట్ల వాలంటీర్లే తిండికీ బసకూ డబ్బు కట్టుకోవాలి, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఈత బాగా రావాలి. డైవింగ్ సర్టిఫికెట్ కంటే ముందు స్టాటిస్టిక్స్ నేర్చుకోండి, ఆర్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో నన్ను డైవింగ్ గురించి ఎవరూ అడగలేదు, డేటా గురించి అందరూ అడిగారు. రక్షిత జాతులను తాకాలన్నా, నమూనా తీయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి, అది మీ గైడ్ ద్వారానే తీసుకోవాలి.

మీరు కాకినాడలోనే ఉన్నారు కాబట్టి దీనికి డిగ్రీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. వారానికి ఒక రోజు, అదే రోజు, అదే టైముకి హార్బర్‌కు వెళ్ళండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు మరబోట్లు రావు. ఆ ఖాళీని కూడా పుస్తకంలో రాసి ఉంచండి. దేన్నీ ముట్టుకోకుండా, అడిగి ఫోటో తీసుకోండి, పక్కన స్కేలు పెట్టండి, బొడ్డు కనిపించేలా ఒకటి. ఏ వల, ఎంత దూరం అని సరంగును అడగండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని ఏ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళినా మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు.